శ్రీమతి ఎస్తేరు ఓక్లూ

పశ్చిమాఫ్రికాలో నాడు గోల్డ్‌కోస్టుగా పిలువబడిన ఘనా దేశమున, పెకి సీమలో, ఒక కమ్మరి యింట 1919వ సంవత్సరమున ఎస్తేరు న్కులేను జన్మించెను. తల్లి కుండలు చేయుచు, సేద్యము చేయుచు సంసారము నీడ్చెను. బాలిక విద్యార్థివేతనముతో అచిమోట పాఠశాలలో చదువు ముగించెను.

పిమ్మట బంధువొకామె యిచ్చిన పది షిల్లింగులే ఆమె మూలధనము. దానితో నారింజపండ్లును చక్కెరయు కొని, పాకము వండి, 12 సీసాలు నింపి వీధిలో నమ్మెను. చదివినపిల్ల వీధి కెక్కెనని తోడివారు పరిహసించిరి. తాను చదివిన పాఠశాలయే సరుకు కొనుటకు ఒడంబడిక వ్రాసియిచ్చెను. ఆ పత్రముపై బ్యాంకు అప్పిచ్చెను. అట్లు న్కులేను పరిశ్రమ వెలసెను.

వివాహానంతరము ఓక్లూ యను పేరు వహించిన ఆమె, ఇంగ్లండున ఆహారపదార్థముల నిలువచేయు విద్య నభ్యసించి, దానిని దాచుకొనక స్త్రీలకు నేర్పెను. అయినను నేర్పొక్కటే చాలదు. తనకు ఒడంబడిక యాధారమైనది. పల్లెపడుచునకు తాకట్టు పెట్ట భూమి లేదు, పూచీపడువారును లేరు. ఈ కొరత దీర్చుటకై 1979లో, మన దేశపు శ్రీమతి ఇలా భట్టు మొదలగువారితో గూడి, విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ సంస్థను నెలకొల్పి తొలి అధ్యక్షురాలయ్యెను. బ్యాంకులిచ్చు చిన్న అప్పులకు ఆ సంస్థ పూచీ నిలిచెను.

1990లో ఆఫ్రికా నాయకత్వ బహుమానము నందుకొని, 2002లో ఆక్రా నగరమున ఆమె దివంగతురాలయ్యెను. పది షిల్లింగులతో మొదలిడిన ఆ యిల్లాలు, ఆస్తిలేని ఆడుదాని మాటకును బ్యాంకులో విలువ కల్పించెను.