రెండు వ్రేళ్ల విద్వాంసుడు జాంగో

ఫ్రాన్సు దేశమున సేన్ నది యొడ్డున సామ్వా అను చిన్న గ్రామము కలదు. 1968వ సంవత్సరమున ఆ యూర, దివంగతుడైన ఒక గిటారు విద్వాంసుని పేర సంగీతోత్సవము తొలిసారి జరిగెను. 1983 నుండి అది ఏటేట జరుగజొచ్చెను. 2016లో నదికి వరదలు వచ్చుటచే కచేరీలు సమీపమందలి ఫాంటెన్‌బ్లో రాజసౌధపు ఉద్యానమునకు మారినవి. వేదికపై పేరుమోసినవారు వాయింతురు. వేదిక వెలుపల, చెట్ల నీడలందును గుడారముల నడుమను, పేరులేనివారు వలయముగా కూర్చుండి వాయింతురు. కొందరు లయ నడుపుచుండ ఒకడు మనోధర్మమున రాగమల్లును; అతడు ముగింపగానే ప్రక్కవాడందుకొనును. స్వరకల్పన నెరిగిన మనకు ఈ పద్ధతి వింతగాదు. వారందరును గురువుగా తలచునది బడి ముఖమెరుగని ఒక సంచారిని.

ఆతడే జాంగో రైన్‌హార్ట్. 1910 జనవరి 23న బెల్జియము దేశమందలి లీబెర్షీ గ్రామము చెంత ఆగిన ఇంటిబండిలో జన్మించెను. ఆతని వారు మనూష్ అనబడు రోమా తెగవారు. రోమా జాతి పూర్వులు వేయి సంవత్సరములకు పూర్వము ఉత్తర భారతము నుండి పడమరకు తరలిపోయినవారని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. మనూష్ అను పదము మన మనుష్య శబ్దమునకు చుట్టమే. వారి భాషలో జాంగో యనగా మేలుకొంటిననుట యని చెప్పుదురు. మన జాగరణము ఆ మాటకు దూరము కాదు.

బాల్యమంతయు పారిసు పొలిమేరలందలి బండ్ల విడిదులలో గడచెను. పండ్రెండవ యేట చేత బాంజో పట్టి, వీథులలోను నాట్యశాలలలోను వాయించి పొట్టపోసికొనెను. 1928లో, పదునెనిమిదేండ్ల వయసున, ఘోరమైన ఆపద మూడెను. భార్య అమ్మకమునకై చేసిన సెల్యులాయిడ్ పూలు బండినిండ నుండగా, ఒకరాత్రి కొవ్వొత్తి నిప్పంటుకొని బండి భగ్గుమనెను. జాంగో బ్రతికి బయటపడెను గాని, ఎడమచేతి ఉంగరపు వ్రేలును చిటికెన వ్రేలును కాలి వంగిపోయెను. కాలు తీసివేయవలెనని వైద్యులనగా ఆతడు ఒప్పుకొనలేదు.

గిటారున స్వరములను పలికించునది ఎడమచేతి వ్రేళ్లే. కావున ఆతని జీవనము ముగిసినదనియే అందరును తలచిరి. తమ్ముడు జోసెఫ్ తెచ్చియిచ్చిన గిటారును పట్టి, ఒకటిన్నర సంవత్సరము జాంగో కొత్తగా నేర్చుకొనెను. చూపుడు వ్రేలును నడిమి వ్రేలును తంత్రుల పొడవున పరుగెత్తించి స్వరములల్లెను. వంగిన వ్రేళ్లను స్వరసమూహములు నొక్కుటకు వినియోగించెను. లోపమునకు తగిన మార్గమును వెదకగా, అదియే ఒక నూతన బాణి యయ్యెను.

1934లో వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లితో కూడి పారిసులో పంచవాద్యబృందము నెలకొల్పెను. మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక మంద్రవాద్యము; చర్మవాద్య మొక్కటియు లేదు. వెనుకనుండు గిటార్లే తాళము నడిపెను. అమెరికా నీగ్రోల జాజ్ సంగీతమునకు యూరపు ఖండమున పుట్టిన స్వతంత్ర శాఖ యిదియే.

1939లో యుద్ధము వచ్చినపుడు బృందము లండనులో నుండెను. గ్రాపెల్లి అచ్చటనే నిలిచెను. జాంగో పారిసునకు మరలెను. అది ప్రమాదమునకు ఎదురేగుట. నాజీలు రోమాలను లక్షల సంఖ్యలో చంపిరి. మనుష్యులని పేరుగల జాతిని మనుష్యులుగా ఎంచనివారి యేలుబడిలోనే, 1940లో, ఆతడు మేఘములను పేరుగల తన ప్రసిద్ధ కృతిని వాయించెను. ఫ్రెంచి ప్రజలు దానిని తమ గీతమువలె ఆదరించిరి. 1943లో స్విట్జర్లాండునకు తప్పించుకొనజూచి పట్టుబడియు బ్రతికి బయటపడెను.

ఆతడు దోషరహితుడు కాడు. జూదమాడును; కచేరీలకు ఆలస్యముగ పోవును, ఒక్కొక్కసారి పోనే పోడు. 1946లో డ్యూక్ ఎలింగ్టనుతో కూడి అమెరికాలో వాయించినపుడును ఆ యలవాటు మానలేదు. స్వరలిపి యెరుగడు, ఆతడు చెప్పగా ఇతరులు వ్రాసికొనిరి.

1951లో సామ్వా చేరి, చేపలు పట్టుచు, చిత్రములు వ్రాయుచు కాలము గడపెను. 1953 మే 16న మెదడులో రక్తస్రావమై నలువదిమూడవ యేట మరణించెను. సమాధి ఆ యూరనే కలదు.

నేడు ఆతని బాణిని అభ్యసించువారు తమ అయిదు వ్రేళ్లును సలక్షణముగ నుండియు, ఆతని రెండు వ్రేళ్ల నడకను అందుకొనుటకు ఏండ్ల తరబడి శ్రమించుచున్నారు. కొరతగల విద్యార్థి యెదుట నిలిచిన ఉపాధ్యాయుడు, ఆతనికి లేనిదానిని లెక్కించుటకు ముందు, మిగిలియున్నదానిని చూడవలసియున్నది.