ఆరో తరగతితో ఆగినా.. లక్షల మందిని హైస్కూల్‌కి పంపారు

గ్రూప్స్‌కో, డీఎస్సీకో ప్రిపేర్ అవుతున్నారా? అయితే మధ్యాహ్న భోజన పథకం మీద బిట్ మీకు తగిలే ఉంటుంది. కామరాజ్ అని టిక్ పెట్టి ముందుకెళ్లిపోతాం. ఆయన బడి చదువు ఆరో తరగతితోనే ఆగిపోయిందని మీకు తెలుసా?

కామరాజ్ 1903 జులై 15న విరుదునగర్‌లో పుట్టారు. ఆరేళ్లకే తండ్రి పోయారు. ఇల్లు గడవక బడి మానేసి మేనమామ బట్టల కొట్లో పనికి కుదిరారు. జలియన్‌వాలాబాగ్ ఘటన తర్వాత స్వాతంత్ర్యోద్యమంలోకి దిగారు. పలు విడతల్లో సుమారు తొమ్మిదేళ్లు జైల్లో గడిపారు. ఆగిన చదువును అక్కడ పుస్తకాలతో సాగించారు.

1954 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి మన ఆంధ్ర విడిపోయి ఆర్నెల్లయింది. రాజాజీ తెచ్చిన విద్యా విధానం మీద అక్కడ పెద్ద గొడవ నడుస్తోంది. దాని ప్రకారం పల్లెల్లో ప్రాథమిక పిల్లలకు రోజుకు మూడు గంటలే బడి. మిగతా సమయంలో ఇంటి వృత్తి నేర్చుకోవాలి. ఇలాగైతే కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండిపోతాడని జనం మండిపడ్డారు. కామరాజ్ రాగానే దాన్ని రద్దు చేశారు.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. పేదింటి పిల్లలు బడికి ఎందుకు రావట్లేదు? దూరం, ఆకలి, ఫీజు. ఒక్కోదానికీ ఒక్కో పరిష్కారం పట్టుకున్నారు.

దూరం సంగతి చూడండి. మైలులోపు ప్రాథమిక పాఠశాల, ఐదు మైళ్లలోపు హైస్కూల్ ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆకలికి 1956లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. ముందు ఊళ్లవాళ్ల విరాళాలతో నడిచింది, తర్వాత ప్రభుత్వ సాయం తోడైంది. ఇక ఫీజు. మొదట పేద పిల్లలకు మాఫీ చేసి, తర్వాత పదకొండో తరగతి దాకా అందరికీ ఉచితం చేశారు. అప్పట్లో ఎస్సెస్సెల్సీ అంటే పదకొండో తరగతే. బడిలో ఉన్నోళ్లు, లేనోళ్లు అన్న తేడా కనబడకుండా యూనిఫామ్‌లూ ఇచ్చారు.

డబ్బులెక్కడివి అని అభ్యంతరాలొచ్చాయి. విద్యాశాఖ డైరెక్టర్ సుందరవడివేలు ఊరూరా సభలు పెట్టించారు. జనమే ముందుకొచ్చి బల్లలు, గదులు, బట్టలు సమకూర్చారు. ఆదేశం ఇచ్చిన నాయకుడు, దాన్ని ఊరిదాకా తీసుకెళ్లిన అధికారి.. ఇద్దరూ ఉంటేనే పని జరిగింది.

పార్టీ పని కోసం 1963 అక్టోబర్ 2న కామరాజ్ పదవి వదులుకున్నారు. 1975లో అదే తేదీన కన్నుమూశారు. చివరిదాకా అద్దె ఇల్లే. మరుసటి ఏడాది భారతరత్న ప్రకటించారు.

రేపు మీరు టీచరో, ఎంఈవోనో అవుతారు. హాజరు పట్టీలో ఓ పేరు పక్కన వరసగా గైర్హాజరు కనిపిస్తుంది. పేరు కొట్టేయకండి. దూరమా, ఆకలా, డబ్బులా అని ఒకసారి ఆ ఇంటికెళ్లి అడగండి.