తండ్రికి రాసిన ఉత్తరం: కార్గిల్ వీరుడు మేజర్ పద్మపాణి ఆచార్య

జూన్ 28 మేజర్ పద్మపాణి ఆచార్య వర్ధంతి. 1999 కార్గిల్ యుద్ధంలో ప్రాణాలర్పించిన హైదరాబాద్ బిడ్డ ఆయన. ‘ఎల్ఓసీ కార్గిల్’ హిందీ సినిమాలో మన నాగార్జున గారు వేసిన పాత్ర ఈయనదే. సినిమా చూసినవారు కూడా ఆయన రాసిన ఉత్తరం గురించి తెలుసుకోవాలి.

పద్మపాణి గారి కుటుంబ మూలాలు ఒడిశాలో ఉన్నాయి. ఇల్లు మాత్రం హైదరాబాద్‌లోనే. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరయ్యారు. కొడుకు సైన్యంలో చేరి, రాజపుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో అధికారి అయ్యారు. యుద్ధం వచ్చేసరికి ఆయన భార్య గర్భవతి.

జూన్ 13న ఆ బెటాలియన్ ద్రాస్ దగ్గర తోలోలింగ్ శిఖరాన్ని తిరిగి స్వాధీనం చేసుకుంది. ఆరు రోజుల తర్వాత, జూన్ 19న, పద్మపాణి గారు తండ్రికి ఉత్తరం రాశారు. ప్రాణనష్టం గురించి దిగులు పడవద్దని, సైనిక వృత్తిలో అది ఉండేదేనని నచ్చజెప్పారు. యుద్ధంలో పోరాడటం జీవితంలో ఒక్కసారి దక్కే గౌరవమని అమ్మకు చెప్పమన్నారు. పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బేలా, తన భార్యకు రోజుకో మహాభారత కథ వినిపించమని కోరారు. సుభద్ర కడుపులో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహం గురించి విన్నాడన్న కథ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఫిరంగుల మోత మధ్య కూడా, ఇంట్లో ఎవరికి ఏ మాట ధైర్యమిస్తుందో ఆయన ఆలోచించారు.

తొమ్మిది రోజులకే, జూన్ 28న, శత్రువు బలంగా పాతుకుపోయిన స్థావరాన్ని పట్టుకునే బాధ్యత ఆయన కంపెనీకి వచ్చింది. దారిలో మందుపాతరలు, పైనుంచి మెషిన్‌గన్ కాల్పులు. ముందు వెళ్లిన ప్లాటూన్ బాగా దెబ్బతింది. ఆయన రిజర్వు ప్లాటూన్‌ను తీసుకుని తానే ముందు నడిచారు. పాక్కుంటూ వెళ్లి బంకర్‌లోకి గ్రెనేడ్లు విసిరారు, ఆ దాడిలో తీవ్రంగా గాయపడ్డారు. కదలలేని స్థితిలో తనను వదిలి ముందుకు వెళ్లమని జవాన్లను ఆదేశించి, తాను కాల్పులు కొనసాగించారు. స్థావరం మనకు దక్కింది, ఆయన దక్కలేదు. ప్రభుత్వం మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. కొన్ని నెలలకు పుట్టిన కూతురిని ఆయన చూడలేకపోయారు.

ఒడిశా మూలాలున్న ఆయన్ను హైదరాబాద్ తన బిడ్డగానే చెప్పుకుంటుంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి భివండీలో మగ్గాలు నడుపుకుంటూ స్థిరపడిన మన కుటుంబాలకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. పుట్టిన ఊరు ఒకటి, బతుకునిచ్చిన ఊరు ఒకటి. రెండూ మనవే.

మన పిల్లలు బడిలో మరాఠీ, హిందీ, ఇంగ్లిష్ చదువుతున్నారు. తెలుగు ఇంట్లోనే నేర్పాలి. ఈ జూన్ 28న తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు పిల్లలను కూర్చోబెట్టుకుని పద్మపాణి గారి గురించి చెప్పండి. ఆయన ఉత్తరంలో కోరినట్టు, తెలుగులో ఒక భారత కథ కూడా చెప్పండి.