విచారణను కూలీల చేతిలో పెట్టిన ఫాదర్ రుతీలియో గ్రాండె

ఆస్కార్ రొమేరో పేరు ఉద్యమాల్లో ఉన్నవాళ్లు చాలామందికి తెలుసు. ఎల్ సాల్వడార్ దేశపు అగ్రపీఠాధిపతి. 1980 మార్చి 24న పూజ చేస్తుండగానే ఆయన్ని కాల్చి చంపారు. అంతకు మూడేళ్ల ముందు అదే దేశంలో, చెరకు తోటల మధ్య రోడ్డు మీద హత్యకు గురైన ఆయన స్నేహితుడు రుతీలియో గ్రాండె గురించి మాత్రం మన దగ్గర పెద్దగా రాయలేదు. రాసినా, ఆయన చావు రొమేరోను మార్చిందని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ చావుకు ముందు నాలుగున్నరేళ్లు ఆయన ఏం చేశారన్నదే నిజానికి మనకు ఎక్కువ పనికొచ్చే సంగతి.

రుతీలియో 1928 జులై 5న ఎల్ పయిస్నాల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆయనకు నాలుగేళ్లప్పుడే తల్లి చనిపోయింది. నాయనమ్మే పెంచింది. ఆ కాలంలోనే, 1932లో, భూమి కోసం తిరగబడ్డ ఆదివాసీ రైతుకూలీలను ఆ దేశ సైన్యం వేల సంఖ్యలో చంపింది. ఆ తర్వాత బతికి ఉన్నవాళ్లు తమ భాషను, బట్టను దాచుకుని బతికారు. కులం అనే మాట అక్కడ లేదు గానీ, ఎవరు ఎదురుగా నిలబడి మాట్లాడవచ్చో, ఎవరు తల దించుకోవాలో పుట్టుకతోనే తెలిసిపోయే పరిస్థితి మాత్రం ఉంది. మంచి భూమి అంతా కొద్ది కుటుంబాల చేతిలో ఉండేది. అందులో కాఫీ, చెరకు, పత్తి పండేవి. పండించేవాళ్లకు ఏడాదిలో కొన్ని నెలలే కూలి దొరికేది.

పన్నెండేళ్ల వయసులో ఆ పిల్లాడు ఊరికి వచ్చిన అగ్రపీఠాధిపతి కంట్లో పడ్డాడు. గురువిద్యాలయంలో చేర్చుకున్నారు. 1945లో యేసు సభలో చేరి వెనిజువెలా, ఈక్వడార్, స్పెయిన్ దేశాల్లో చదివి, 1959లో గురువయ్యారు. ఆయన జీవితంలో దాచకూడని విషయం ఒకటుంది. చదువుకునే రోజుల్లోనే ఆయన మానసికంగా తీవ్రంగా కుంగిపోయారు. తాను ఈ పనికి తగనేమో అన్న భయం ఆయన్ని చాలా ఏళ్లు వదల్లేదు. ఊరి నుంచి వచ్చిన పిల్లవాడు పెద్ద చదువుల మధ్య పడే ఆ బెంగ యూనివర్సిటీ హాస్టళ్లలో ఉన్న మన పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తర్వాతి రోజుల్లో ఆయన తానొక్కడే అన్నీ చేయాలనుకోకుండా, పక్కవాళ్లతో కలిసి పనిచేయడానికి అంత సిద్ధంగా ఉండడానికి ఈ అనుభవం కూడా కారణమని నాకనిపిస్తుంది.

1960ల్లో కథోలిక సంఘం లోపలే గాలి మారింది. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 వరకు జరిగింది. సంఘమంటే గురువులూ పీఠాధిపతులే కాదు, జ్ఞానస్నానం పొందిన ప్రజలంతా అని ఆ సభ తేల్చింది. 1968లో కొలంబియాలోని మెదెయీన్ పట్టణంలో సమావేశమైన లాటిన్ అమెరికా పీఠాధిపతులు దాన్ని పేదల వైపు తిప్పారు. ఊళ్లలో చిన్న చిన్న క్రైస్తవ సముదాయాలు ఏర్పడాలన్నారు. రుతీలియో బ్రస్సెల్స్‌లో చదువుకుని, సామాన్య విశ్వాసులను ఆరాధనలో భాగస్వాములను చేసే పద్ధతులు నేర్చుకుని వచ్చారు. సాన్ సాల్వడార్ గురువిద్యాలయంలో పాఠాలు చెబుతూ, విద్యార్థులను ఊళ్లకు తీసుకెళ్లి జనం ఇళ్లలో ఉంచేవారు. ముందు వినండి, తర్వాత బోధించండి అన్నది ఆయన పద్ధతి. 1970 ఆగస్టులో, దేశాధ్యక్షుడు ముందు వరసలో కూర్చున్న పండుగ పూజలో అన్యాయం గురించి సూటిగా ప్రసంగించారు. గురువిద్యాలయ అధిపతి పదవి ఆయనకు రాలేదు.

1972లో ఆయన ఈక్వడార్ వెళ్లారు. అక్కడ రియోబాంబా పీఠాధిపతి లియోనిదాస్ ప్రొఆన్యో ఆదివాసీల మధ్య చేస్తున్న పని దగ్గర నుంచి చూశారు. పాలో ఫ్రెయిరీ చైతన్య విద్యను ప్రొఆన్యో సంఘం పనిలోకి తెచ్చిన మనిషి. తిరిగి వచ్చిన రుతీలియో అదే ఏడాది సెప్టెంబర్‌లో అగిలారెస్ విచారణ గురువుగా చేరారు. విచారణ అంటే పారిష్. ఆయన పుట్టిన ఎల్ పయిస్నాల్ కూడా దాని కిందే ఉంది. ముప్పై వేలకు పైగా జనం, చుట్టూ చెరకు తోటలు, మూడు చక్కెర మిల్లులు. అంతకుముందు గురువు పని ఏమిటంటే పూజ చేయడం, జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధులు. జనం పని చేతులు కట్టుకుని వినడం.

రుతీలియో, ఆయనతో వచ్చిన మరికొందరు గురువులు, విద్యార్థులు కలిసి విచారణను చిన్న ప్రాంతాలుగా విడదీశారు. ఒక్కో ప్రాంతంలో రెండు వారాలు ఉండేవారు. పడక అక్కడే, తిండి పూటకో ఇంట్లో. పగలంతా జనం చెప్పేది వినేవారు. కూలి ఎంత, అప్పు ఎంత, పిల్లలు ఎందుకు చనిపోతున్నారు అని అడిగి తెలుసుకునేవారు. సాయంత్రం అందరూ కూడేవారు. సువార్తలో ఒక భాగాన్ని మెల్లగా, ఒకటికి రెండుసార్లు చదివేవారు. చదువు రానివాళ్లే ఎక్కువ కదా. తర్వాత ఎనిమిది పదిమంది చొప్పున గుంపులుగా కూర్చుని, తమకేం అర్థమైందో చెప్పుకునేవారు. గురువు చివర్లో మాట్లాడేవారు, అదీ కొంచెమే.

రెండు వారాలు ముగిసేసరికి ఆ ఊరివాళ్లే తమలో కొందరిని ఎన్నుకునేవారు. వాళ్లను వాక్య ప్రతినిధులు అనేవారు. గురువు లేని ఆదివారం ప్రార్థన నడిపించడం, వాక్యం మీద మాట్లాడించడం, రోగులను చూడడం, ఊరి కష్టం నలుగురిలో పెట్టడం వాళ్ల పని. ఇలా కొన్నేళ్లలోనే సుమారు 300 మంది తయారయ్యారు. వాళ్లలో ఎక్కువమంది చెరకు కోసేవాళ్లు, కౌలుకు మొక్కజొన్న వేసుకునేవాళ్లు.

ఎన్నుకున్నారు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తెలుగు జిల్లాల్లో కథోలిక సంఘాన్ని పల్లెల్లో నిలబెట్టింది ఎవరు? నెలకోసారి వచ్చే ఫాదర్ కంటే ఎక్కువగా మాలపల్లెలో, మాదిగపల్లెలో రోజూ గంట కొట్టి ప్రార్థన చెప్పిన ఉపదేశే. కానీ ఉపదేశిని పెట్టేది ఫాదర్‌గారు, తీసేసేదీ ఫాదర్‌గారే. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానం ప్రకటించింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి మొట్టమొదటి కార్డినల్. అది చిన్న విషయమేమీ కాదు. అయితే మన వాదన ఎక్కువగా పై కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దాని చుట్టూనే తిరిగింది. అగిలారెస్‌లో జరిగిన మార్పు కింది నుంచి మొదలైంది. అక్కడ పల్లె తన మనిషిని తానే ఎంచుకుంది.

ఊరికే ప్రార్థన చేసుకుంటూ ఉంటే యజమానులు పట్టించుకునేవారు కాదేమో. 1973 మే 24న లా కబాన్యా చక్కెర మిల్లులో, ఇస్తామన్న కూలి పెంపు ఇవ్వలేదని 1,600 మంది కార్మికులు పని ఆపేశారు. విచారణ ఆ సమ్మెను నడపలేదు. కానీ ఆ కార్మికుల్లో వాక్య ప్రతినిధులు కొందరున్నారు. గుంపులో నోరు విప్పడం అలవాటైనవాడు మిల్లు గేటు దగ్గర మాత్రం ఎందుకు ఊరుకుంటాడు? యజమానులు, పత్రికలు రుతీలియోను కమ్యూనిస్టు అనడం మొదలుపెట్టారు.

లోపలి తగాదా కూడా ఉంది, దాన్ని దాటవేయడం సరికాదు. ఫెక్కాస్ అనే క్రైస్తవ రైతుకూలీ సంఘం అగిలారెస్‌లో వేగంగా పెరిగింది. ప్రతినిధులు చాలామంది అందులో చేరారు. సంఘం పెట్టుకునే హక్కు కూలీలకు ఉందని రుతీలియో గట్టిగా నిలబడ్డారు. కానీ విచారణ వేరు, సంఘం వేరుగా ఉండాలన్నారు. ఆయన జట్టులోని కుర్రవాళ్లు కొందరికి ఇది వెనకడుగులా కనిపించింది. ఒకే మనిషి పొద్దున వాక్యం చెప్పి సాయంత్రం సమ్మెకు పిలిస్తే, సంఘంలో చేరని పొరుగువాడు ప్రార్థనకూ దూరమైపోతాడన్నది ఆయన బెంగ. ఆ గీత ఊళ్లో నిలబడలేదు. అపొలినారియో సెరానోనే చూడండి. అందరూ పొలీన్ అని పిలిచే చెరకు కూలీ, వాక్య ప్రతినిధి. ఆయనే తర్వాత ఫెక్కాస్ నాయకుడై దేశమంతా తిరిగాడు. 1979 సెప్టెంబర్‌లో సైన్యం ఆయన్ని చంపింది.

1977 జనవరి చివర్లో పక్కనున్న అపోపా విచారణ గురువు, కొలంబియాలో పుట్టిన మారియో బెర్నాల్‌ను ప్రభుత్వం దేశం నుంచి వెళ్లగొట్టింది. ఫిబ్రవరి 13న అపోపాలో జరిగిన నిరసన పూజలో రుతీలియో ప్రసంగించారు. ఈ దేశంలో నిజమైన క్రైస్తవుడిగా బతకడమే నేరమైపోయిందని, యేసే గలిలయ నుంచి నడిచి వచ్చినా సరిహద్దులో ఆపేసి పరదేశి, తిరుగుబాటుదారు అని నేరం మోపుతారని చెప్పారు. ఆయన ఆయుష్షు ఆ రోజే తీరిపోయిందని తర్వాత చాలామంది అనుకున్నారు.

సరిగ్గా నెల తిరగకముందే, మార్చి 12 శనివారం సాయంత్రం, జోజప్పగారి నవదిన ప్రార్థనల పూజ కోసం ఆయన అగిలారెస్ నుంచి ఎల్ పయిస్నాల్‌కు బయల్దేరారు. కారులో 72 ఏళ్ల మానుయెల్ సొలొర్సానో, పదిహేను పదహారేళ్ల నెల్సన్ రుతీలియో లెముస్, ముగ్గురు చిన్నపిల్లలు ఉన్నారు. దారిలో కాల్పులు జరిగాయి. పిల్లలు బతికి బయటపడ్డారు. మిగిలిన ముగ్గురూ చనిపోయారు. ఆ రాత్రే రొమేరో వచ్చి ఆ శవాల ముందు కూర్చున్నారు. ఆయన అగ్రపీఠాధిపతి అయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. మార్చి 20న తన అగ్రపీఠం పరిధిలోని మిగతా పూజలన్నీ రద్దుచేసి, రాజధానిలో ఒక్క పూజే చేశారు. లక్ష మంది దాకా వచ్చారు. హంతకులు తేలేదాకా ప్రభుత్వ కార్యక్రమాలకు రానన్నారు. ఎవరికీ శిక్ష పడలేదు.

మే 19న సైన్యం అగిలారెస్‌ను చుట్టుముట్టింది. పదుల సంఖ్యలో జనాన్ని చంపింది. మిగిలిన ముగ్గురు గురువులను దేశం దాటించి, గుడిని బ్యారక్‌గా మార్చింది. నెల రోజులు ఊళ్లో గురువు లేడు, గుడి లేదు. బైబిల్ ఇంట్లో దొరికితే ప్రాణానికే ముప్పు. జూన్ 19న రొమేరో వచ్చి పూజ చేసి, దివ్యసత్ప్రసాదంతో సైనికుల ముందే వీధుల్లోకి ఊరేగింపు నడిపిస్తే, వెనక నడిచింది ఆ వాక్య ప్రతినిధులూ వాళ్ల ఇంటివాళ్లే. తర్వాత 12 ఏళ్ల అంతర్యుద్ధంలో వాళ్లలో ఎంతోమంది పోయారు. గురువు చేతిలోని అధికారాన్ని పంచినప్పుడు ప్రమాదం కూడా పంచబడింది. గురువు హత్య అయితే ప్రపంచానికి వార్త. చెరకు కూలీ హత్యకు మాత్రం ఊరి బయట గొయ్యి చాలు. ఆ తేడా రుతీలియోకు తెలుసు. ఆయన పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

2022 జనవరి 22న కథోలిక సంఘం రుతీలియోను ధన్యుడిగా ప్రకటించింది. ఆయనతోపాటు మానుయెల్‌ను, నెల్సన్‌ను కూడా. ఎల్ పయిస్నాల్ గుడిలో పీఠం ఎదుట నేలలో ముగ్గురి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. పూజకు వచ్చినవాళ్లు వాటిని దాటుకునే సత్ప్రసాదం తీసుకోవడానికి వెళ్లాలి.