కాకతి గణపతిదేవుడు - ఓరుగంటి శిల్పములు

రాజుల చరిత్రలో జయాపజయములు ముందుగా కనబడును. శిల్పములు కడపట మిగులును. ఖిలా వరంగల్‌లో నేటికిని నిలిచియున్న నాలుగు శిలాతోరణములను చూచినవారికి ఈ మాట తెల్లమగును. వాని నడుమ ఒకప్పుడు స్వయంభూదేవుని ఆలయము విలసిల్లెను. ఆ నగరమును మహారాజధానిగా తీర్చినవాడు కాకతి గణపతిదేవుడు.

ఆతని యౌవనము సుఖముగా ఆరంభము కాలేదు. మహాదేవరాజునకు, బయ్యమాంబకు ఆతడు కుమారుడు. హనుమకొండలో వేయిస్తంభముల గుడిని 1163లో నిర్మింపజేసిన రుద్రదేవుడు ఆతనికి పెదతండ్రి. దేవగిరి యాదవులతో జరిగిన పోరులో రుద్రదేవుడు 1195 ప్రాంతమున కూలెను. అన్న తరువాత రాజైన మహాదేవుడును కొలదికాలములోనే అదే శత్రువులతో పోరి మడిసెను. గణపతి శత్రువుల చేత చిక్కి చెరలో పడెను. రాజులేని రాజ్యమును కబళింపవలెనని పలువురు తలలెత్తిరి.

ఆ విపత్సమయమున రాజ్యభారమును భుజముపై మోసినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. సింహాసనము శూన్యముగా నున్నపుడు సేనాపతికి దానిపై ఆశ పుట్టుట లోకములో వింత కాదు. రుద్రుడు మాత్రము తిరుగుబాటుదారులను అణచి, రాజ్యమును కాపాడి, 1199లో విడుదలయై వచ్చిన యువరాజునకు దానిని అప్పగించెను. గణపతియు ఆ సేనానిని అనుమానింపలేదు. ప్రభువునకు భృత్యుని యందును, భృత్యునకు ప్రభువు నందును గల ఈ నమ్మకమే తరువాతి అరువదియేండ్ల పాలనకు పునాది యైనది.

ఆ రుద్రుడే పాలంపేటలో 1213లో రుద్రేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. జనులు దానిని రామప్పగుడి యందురు. ఒక్క పదార్థముతో తృప్తిపడని శిల్పుల పనితనము అందు కానవచ్చును. గోడలకు ఎఱ్ఱని ఇసుకరాయి, స్తంభములకును మదనికలకును కఠినమైన నల్లరాయి, శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన ఇటుక, పునాది గోతిలో ఇసుక - ఇట్లు దేని స్థానమున దానిని ఉపయోగించిరి. ఇటుక తేలిక యగుటచే గోడలపై బరువు తగ్గినది. నల్లరాతిని అద్దమువలె మెరయునట్లు నునుపు చేసిరి. 2021లో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

గణపతి తూర్పుతీరముపై దండెత్తి దివిసీమను జయించెను. అయినను ఓడినవారిని అవమానింపలేదు. ఆ సీమ నేలిన అయ్యవంశపు కన్యలు నారమాంబను, పేరమాంబను వివాహమాడెను. వారి సోదరుడు జాయపను చేరదీసి గజసాహిణిగా నియమించెను. ఏనుగుల దళమును నడిపిన ఆ జాయపయే 1254 ప్రాంతమున నృత్తరత్నావళి యను సంస్కృత నాట్యగ్రంథమును రచించెను. ఆ గ్రంథము పుట్టుటకు నలువదియేండ్ల ముందే పాలంపేట శిల్పులు నర్తకీభంగిమలను రాతిలో మలచియుండిరి. శిల్పియు, శాస్త్రకారుడును ఒకే ప్రభువు నీడన పెరిగిరి.

ఇన్ని నిర్మాణములకు ధన మెచ్చటినుండి వచ్చెనని విద్యార్థి అడుగవచ్చును. ఆ కాలమున త్రవ్వించిన పాకాల వంటి చెరువులు పంటను పెంచినవి. మోటుపల్లి రేవున 1244లో గణపతి వేయించిన అభయశాసనము సముద్రవర్తకులకు ధైర్యము నిచ్చినది. తుపానునకు ఓడ చెడి సరకు తీరమునకు కొట్టుకొని వచ్చినచో దానిని రాజులు హరించుట అంతకుముందు వాడుక. గణపతి దానిని మాన్పించి, ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే విధించెను. రైతు, వర్తకుడు నిశ్చింతగా నున్నపుడే శిల్పి ఉలికి పని దొరకును.

హనుమకొండ నుండి రాజధానిని ఓరుగంటికి మార్చి, గణపతి రాతికోటను కట్టింపజేసెను. దానిని పూర్తిచేసినది ఆతని కుమార్తె రుద్రమ. పుత్రసంతానము లేని గణపతి ఆమెకు రుద్రదేవ మహారాజను పురుషనామ మొసగి, పాలనలో తర్ఫీదు చేసి, సింహాసనమునకు సిద్ధపరచెను. స్త్రీని రాజుగా అంగీకరింప నొల్లని సామంతులు ఉందురని ఆతడు ఎఱుగకపోలేదు. అయినను వెనుదీయలేదు.

వార్ధక్యమున ఆతనికి పెద్ద దెబ్బ తగిలెను. 1263 ప్రాంతమున నెల్లూరు చేరువ ముత్తుకూరు వద్ద కాకతీయ సేన పాండ్యుల చేతిలో ఓడిపోయెను. దక్షిణాన గెలిచిన భూములు చేజారెను. ఆతడు చివరి దినములలో రాజ్యభారమును కుమార్తె కప్పగించెను.

1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు లోబడెను. స్వయంభూదేవుని ఆలయము నేలమట్ట మైనది. తోరణములు మాత్రము నిలిచినవి. వానిపై హంసలు, తామరమొగ్గలు, లతలు కలవు. ఏ రాజు విజయమును చెప్పు వ్రాతయు లేదు, చెక్కిన శిల్పి పేరును లేదు. 2014లో ఆ తోరణమే తెలంగాణ రాష్ట్ర చిహ్నములో చోటు పొందినది. గణపతి గెలిచిన భూములు ఒక తరములోనే చేతులు మారినవి. ఆతడు నమ్మి పనియిచ్చిన వారి చేతిపని ఏడువందల యేండ్లు దాటియు నిలిచియున్నది.