నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

అన్నదానము చేసి పేరు గాంచిన జమీందారులును మహారాజులును మన దేశమున ననేకులు గలరు. ఒక లంకగ్రామమునందలి సామాన్య గృహిణియై యుండి, తన వంటయింటి కీర్తిని ఢిల్లీ దర్బారు వరకు వినిపింపజేసిన పుణ్యశీల డొక్కా సీతమ్మగారు.

ఆమె 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. ఆకలిగొని వచ్చినవారికి లేదనక పెట్టుటచే భవానీశంకరముగారిని జనులు బువ్వన్న యని పిలుచుచుండిరట. తల్లి గతించిన పిదప ఇంటిభారము సీతమ్మగారిపై బడెను. ఆమెకు వంటయిల్లే బడి, అతిథిసేవయే చదువు.

లంకల గన్నవరము వాస్తవ్యులగు డొక్కా జోగన్నగారు భూవసతిగల గృహస్థులు. వారొకప్పుడు మధ్యాహ్నవేళ మండపేటలో ఆ యింట అతిథిగా భోజనము చేసి, ఆ కన్యక ఆదరమునకు ముగ్ధులై ఆమెను వివాహమాడిరని చెప్పుదురు.

గన్నవరము వైనతేయ గోదావరి చెంత నున్నది. ఆ కాలమున కోనసీమలో జనులు పడవలపైనను కాలినడకనను ప్రయాణము చేయుచుండిరి. పట్టణములందు పూటకూళ్ల యిండ్లుండెను గాని, లంకలలో రొక్కము చేతనున్నను వేళకు పట్టెడన్నము దొరకుట దుర్లభము. ఆ కొరత తీర్చినది సీతమ్మగారి యిల్లు. వచ్చినవాడెవ్వడని గాని, ఏ కులమువాడని గాని అడుగక, వేళగాని వేళ వచ్చినను పొయ్యి రాజవేసి వండి వడ్డించుట ఆమె వ్రతము. ఒకనాటి పండుగకు నూర్గురికి పెట్టుట ఒక యెత్తు. ఏండ్ల తరబడి ప్రతిదినము, ఎందరు వత్తురో తెలియకయే సిద్ధముగా నుండుట మరియొక యెత్తు. పెట్టినదంతయు సొంత పొలము పంటయే. రాబడిని మించిన వ్యయము ఎంతటి సంసారమునైనను క్రుంగదీయును. ఆ దంపతుల ఆస్తియు క్రమముగా తరిగెనందురు. అయినను విస్తరి వేయుట మానలేదు.

ఆమె వ్రతమునకు గొప్ప పరీక్ష అంతర్వేది ప్రయాణమున గలిగెనని ఈ సీమలో చెప్పుకొందురు. లక్ష్మీనరసింహస్వామి దర్శనము చేయవలయునని చిరకాలమునకు పల్లకిలో బయలుదేరి, దారిలో ఒకచోట విశ్రమించిరట. ఆ సమీపమున ఆకలితో నలసిన పెండ్లివారు, గన్నవరము చేరినచో సీతమ్మగారింట భోజనము దొరకునని తమ పిల్లల నూరడించుచుండిరి. ఆ మాట చెవిని బడగనే ఆమె పల్లకిని వెనుకకు మరలింపజేసి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట సాగించిరట. స్వామి దర్శనము వాయిదా పడెను. పిల్లల ఆకలి వాయిదా పడలేదు.

1903వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున, రాజప్రతినిధి కర్జను ప్రభువు ఢిల్లీలో దర్బారు జరిపెను. ఆ యుత్సవమునకు సీతమ్మగారికి ఆహ్వానము వచ్చెననియు, తాను వెడలినచో వచ్చిన అతిథులకు పెట్టువారుండరని ఆమె వెళ్లలేదనియు, అందుచే ఆమె ఛాయాచిత్రమును తీయించి ఢిల్లీకి పంపిరనియు ప్రతీతి. దేవుని కొరకు విడువలేని పొయ్యిని ఆమె దొరల కొరకు విడుచునా!

1909వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన సీతమ్మగారు పరమపదించిరి. వైనతేయమునకు అడ్డముగా కాలువనీటిని దాటించుటకై గన్నవరమున కట్టిన క్రొత్త అక్విడక్టునకు 2000వ సంవత్సరమున ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే యుంచెను. ఆమె సత్రములు కట్టింపలేదు, శిలాశాసనములు వ్రాయింపలేదు. పొలమునకు నీరు తెచ్చు కట్టడముపైనను, పిల్లవాని కంచములోని అన్నముపైనను ఆమె పేరు నిలిచినది. అన్నము పెట్టిన తల్లికి ఇంతకంటె తగిన స్మారకము వేరొకటి యుండదు.