మంచుతో పాటు కదిలిన నాన్సెన్

ఈసారి మన గోడ పత్రికలో నేను ఫ్రిట్యోఫ్ నాన్సెన్ జీవితం రాస్తున్నాను. ఆయన 1861లో నార్వే దేశంలో పుట్టాడు. 1888లో గ్రీన్‌లాండ్ మంచును స్కీ కట్టెల మీద దాటాడు.

జీనెట్ అనే ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేండ్లకు దాని సామాన్లు ఎక్కడో గ్రీన్‌లాండ్ ఒడ్డున దొరికాయి. కుంటాల కాడ కడెం వాగుల ఇడిసిన మోదుగు డొప్ప గోదావరిల తేలితే మనం ఏమనుకుంటం? నీళ్ళు అటే పోతున్నయ్ అనుకుంటం. నాన్సెన్ కూడా అట్లనే అనుకున్నాడు. కాని అనుకొని ఊరుకోలేదు. మంచు నొక్కితే పైకి లేచేటట్టు గుండ్రటి అడుగుతో ఫ్రామ్ అనే ఓడ కట్టించాడు. 1893లో 12 మందితో బయలుదేరి, కావాలనే మంచులో ఇరికించాడు. లెక్క తప్పితే 13 ప్రాణాలు పోయేవి.

1895లో ఒక తోటివాడితో ఓడ దిగి, ధ్రువం దిక్కు నడిచి, 86 డిగ్రీలు దాటి వెనుదిరిగాడు. ఓడ మంచుతోనే జరిగి 1896లో బయటపడింది. అందరూ ప్రాణాలతో ఇల్లు చేరారు.

ఆ సముద్రం లోతు తక్కువని ఆయన ముందు అనుకున్నాడు. తెచ్చిన తాడు అడుగుకు అందలేదు. ఓడలోని ఉక్కు తాడు పురులు విప్పి, పొడుగు చేసి దించితే 3,000 మీటర్లు దాటింది. పైన చల్లటి నీళ్ళు, సుమారు 200 మీటర్ల కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన కొంచెం వెచ్చని నీళ్ళు ఉన్నాయని కొలిచి తెలుసుకున్నాడు.

తర్వాత యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయిన వాళ్ళకు సాయం చేసి 1922లో నోబెల్ శాంతి బహుమతి పొందాడు. 1930లో కన్నుమూశాడు.

ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆగలేదు. ఇప్పుడు శాస్త్రవేత్తలు గాలి, ఉప్పు, వేడి లెక్కలు కంప్యూటర్లో వేసి ధ్రువ సముద్రం నమూనాలు చేస్తున్నారు. 2000 తర్వాత అట్లాంటి నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆ వెచ్చని నీళ్ళ పొర కొన్నిట్లో గడియారం ముల్లు తిరిగినట్టు, కొన్నిట్లో దానికి ఎదురుగా తిరిగింది! కంప్యూటర్లు సుత ఒక్క మాట మీద లేవన్నమాట. సముద్రంలో కొలిచిన అంకెలు ఎదురు దిక్కునే చూపుతున్నాయి.

నాకు నాన్సెన్‌లో బాగా నచ్చింది ధైర్యం ఒక్కటే కాదు. తాడు అందనప్పుడు ఆయన సముద్రం లోతును ఊహించి రాసుకోలేదు, తాడును పొడుగు చేశాడు.